వేడి పోయే చోటు

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం, రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటున్న వేళ, డాక్టర్ కుముదిని తన ప్రయోగశాల వెనక కట్టించిన చిన్న గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ గదికి కిటికీ లేదు, ఫ్యాను లేదు. గోడకు చెంప ఆనించింది. నీళ్ళు పోసిన కొత్త కుండను తాకినట్టుంది. బయటికి వచ్చాక ఆమె కళ్ళు తడిగా ఉండటం చూసి, ప్రయోగశాలలో పనిచేసే కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

గోడకు పూసింది చూడ్డానికి బూడిదరంగు సున్నంలా ఉంటుంది. ఎండ తగిలితే అందులోని స్ఫటికాలు గదిలోని వేడిని లాగి, జడలా అల్లిన నల్లటి తీగల వెంట బయటికి తోసేస్తాయి. ఎండ ముదిరే కొద్దీ చురుకు పెరుగుతుంది. కరెంటు అక్కర్లేదు, అందుకని స్విచ్చి కూడా లేదు. దానికి చలువపూత అని పేరు పెట్టుకున్నారు. తీగలను వేర్లు అనేవారు. వేర్ల చివర్లు గది వెనక ఒక నీళ్ళ తొట్టిలో మునిగి ఉండేవి. సాయంత్రానికల్లా తొట్టిలో నీళ్ళు పొగలు కక్కేవి. పక్క హాస్టల్ వంటవాళ్ళు వచ్చి ఆ నీళ్ళతో అంట్లు తోముకునేవారు. గదిలోంచి పోయిన వేడి ఎక్కడో ఒకచోట తేలాల్సిందే కదా.

అదే ఏడాది వేణాపురం నగరపాలక సంస్థ ఒక కొత్త రుసుము పెట్టింది. పెద్ద భవనం కట్టే ప్రతి బిల్డరూ గృహనిధికి కొంత సొమ్ము కట్టాలి. ఆ నిధితో ఊళ్ళో ఇల్లు కొనలేనివాళ్ళకు, అద్దెలు భరించలేక ఊరి బయటికి జరిగిపోతున్నవాళ్ళకు తక్కువ ధర ఇళ్ళు కడతారు. సొమ్ము కట్టడం ఇష్టం లేనివాళ్ళు తమ స్థలంలోనే అలాంటి ఇళ్ళు కొన్ని కట్టి ఇవ్వచ్చు. ఈ నిబంధన కోసం ఏళ్ళ తరబడి పోరాడింది ప్రణాళిక విభాగంలో పనిచేసే మేరీ కరుణ. బిల్డర్లు ఆమె గది ముందు ధర్నా చేశారు. ఒక్క ప్రభాకర్ మాత్రం పూలగుత్తి పట్టుకుని వెళ్ళి, "నేను సొమ్ము కట్టనండి, ఇళ్ళే కడతాను, నా టవర్ వెనకే" అన్నాడు. మర్నాడు పేపర్లన్నీ అతన్ని పొగిడాయి.

ఆ టవర్ పేరు తుషార. చలువపూత పూసిన మొదటి భవనం అదే కావాలని ప్రభాకర్ కుముదిని దగ్గరికి వచ్చాడు. ఆమె గీసిన నమూనాలో వేర్లు లోతైన బావుల్లోకి దిగి, భూగర్భ జలంలో వేడిని వదిలిపెట్టాలి. పనివాళ్ళు తవ్వడం మొదలుపెట్టారు. కొంత లోతు వెళ్ళేసరికి నల్లరాయి తగిలింది. యంత్రాలు విరిగాయి. వారాలు గడిచాయి.

ఒకరోజు ప్రభాకర్ సైటు దగ్గర, రేకుల షెడ్డులో, మేజా మీద నక్షా పరిచాడు.

"మేడం, బావులు అయ్యే పని కాదు. వేర్లు పైపైనే పరిస్తే ఏమవుద్ది?"

"నేల వేడెక్కుతుంది. చాలా పెద్ద స్థలం కావాలి."

"ఉందిగా." అతని వేలు నక్షాలో టవర్ వెనక్కి జరిగింది. "ఇదిగో, ఈ వెనక బ్లాకు కింద. పునాది ఎలాగూ తీస్తున్నాం."

"అక్కడ మనుషులుంటారు ప్రభాకర్ గారూ."

"ఉంటారు. ఎంత పెరుగుద్దంటారు వేడి? మీరే లెక్కేసి చెప్పండి. మీరు కుదరదంటే మానేద్దాం. మామూలు ఏసీలు పెట్టుకుంటాను. నాకేం పోదు."

అతను బెదిరించలేదు. ఆశ కూడా పెట్టలేదు. కుముదిని ఆ రాత్రీ మర్నాడూ లెక్కలు వేసింది. ఏడాది మొత్తానికి సగటు తీస్తే వెనక బ్లాకు నేల మీద పెరిగే వేడి చాలా కొద్ది. ఎండాకాలం మధ్యాహ్నాలను విడిగా తీస్తే మాత్రం ఆ అంకె చూడ్డానికే ఆమెకు ఇబ్బందిగా అనిపించింది. కరెంటు లేకుండా చల్లబడే మొదటి భవనం ఆమె కళ్ళ ముందు నిలబడి ఉంది. దాన్ని కూలగొట్టడానికి మనసు రాలేదు. అప్పుడు ఆమె లోపల ఒక మాట పుట్టింది: 'వాళ్ళు ఇంతవరకూ రేకుల కింద ఉన్నవాళ్ళేగా.'

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అనుకోవడానికి క్షణం కూడా పట్టలేదు. సగటు అంకెను మాత్రమే నివేదికలో రాసి, కింద సంతకం పెట్టి, మేరీ కరుణకు ఇచ్చింది.

"ఇది మంచిదే అంటారా డాక్టర్ గారూ? నాకు ఈ సైన్సు అర్థం కాదు. మీ మాట మీదే నేను సంతకం పెడుతున్నాను" అంది మేరీ కరుణ.

"మంచిదే" అంది కుముదిని.

*

రెండు భవనాలూ లేచాక వెనక బ్లాకు ఇళ్ళకు చీటీలు తీశారు. ఆ సాయంత్రం కుముదిని ఇంటికి ఆమె ఆడపడుచు సుభాషిణి మిఠాయి పెట్టెతో వచ్చింది. సుభాషిణి భర్త కోటేశ్వరరావు ఒక ఆసుపత్రిలో రాత్రి కాపలా పని చేసేవాడు. ఇరవై ఏళ్ళలో వాళ్ళు మారిన అద్దె ఇళ్ళు లెక్కలేనన్ని. ప్రతి ఇల్లూ ముందుదానికన్నా ఊరికి ఇంకొంచెం దూరం.

"వదినా, మా పేరొచ్చింది" అంది సుభాషిణి గుమ్మంలోనే. "మీ బిల్డింగు ఉందే, తుషార, దాని వెనకేనంట. చీటీ తీసినాయన నా పేరు చదువుతుంటే నాకు వినపడలా. పక్కనావిడ గిల్లితే లేచా."

కుముదిని భర్త ఉమాపతి చెల్లెల్ని కూర్చోబెట్టి, మిఠాయి తీసి ముందు ఆమె నోట్లోనే పెట్టాడు. "చూశావా, మీ వదిన కట్టిన గోడ నీడలో ఉండబోతున్నావు" అన్నాడు.

కుముదిని నవ్వింది. మిఠాయి తిన్నది. ఆ ఇల్లు వద్దని చెప్పడానికి అప్పుడు నోరు తెరిస్తే చాలు. కానీ తెరిస్తే ఎందుకు వద్దో చెప్పాలి.

మాఘమాసంలో గృహప్రవేశం. గుమ్మం ముందు చెప్పులు విడిచి లోపల అడుగు పెట్టగానే కుముదిని పాదాల కింద నేల నులివెచ్చగా తగిలింది. చలికాలం పోతూ ఉన్న రోజులు కాబట్టి అది హాయిగానే ఉంది. పిల్లలు నేల మీద దొర్లుతున్నారు. పాలు పొంగాయి.

"గచ్చు వెచ్చగా ఉంది కదూ వదినా? కొత్త సిమెంటు, ఇంకా ఆరలేదేమో అన్నాడు మేస్త్రి" అంది సుభాషిణి, కొత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ.

"అయ్యుండచ్చు" అంది కుముదిని.

ఏప్రిల్‌లో తుషార ప్రారంభోత్సవం జరిగింది. ఎండలోంచి లోపలికి వచ్చిన జనం ఒక్కసారిగా మాటలాపి, గోడలను చేతులతో తడిమి చూశారు. వేదిక మీద ప్రభాకర్ కుముదినికి శాలువా కప్పాడు. ఆ చల్లదనంలో శాలువా ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు.

*

మే నెల వచ్చింది. వెనక బ్లాకులో పిల్లలు ఇంట్లో చెప్పులు వేసుకుని తిరగడం నేర్చారు. పొద్దున తోడుపెట్టిన పెరుగు మధ్యాహ్నం భోజనాల వేళకే పులిసిపోయేది. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి గచ్చు మీద పోస్తే, నీళ్ళు ఆరి ఉక్క ఇంకా పెరిగేది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఇన్నేళ్ళకు దొరికిన సొంత ఇల్లు. దానికి వంక పెడితే ఎవరైనా వచ్చి లాక్కుంటారేమో అన్నట్టు ఉండేవాళ్ళు. ఈ ఏడు ఎండలు ఎక్కువ, అని సరిపెట్టుకున్నారు.

ఒకరోజు సుభాషిణి ప్రయోగశాలకు వచ్చింది. ఎప్పుడూ అక్కడికి రాని మనిషి. కుర్రాళ్ళు బయటికి వెళ్ళేదాకా ఆగి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"వదినా, ఎవరితోనూ అనకు. అన్నయ్యతో అసలు అనకు. నాకు ఒంట్లో ఏదో అవుతోంది."

"ఏమైంది?"

"ఆవిర్లు వస్తన్నాయి. కాళ్ళ దగ్గర మొదలై తల దాకా. ఒళ్ళంతా చెమటలు. గుండె దడ. బయటికొస్తే తగ్గుద్ది, ఇంట్లోకెళ్తే మళ్ళీ మొదలు. ఆయన పక్కన పడుకోవాలన్నా సిగ్గుగా ఉంటోంది. నెలసరి కూడా సరిగ్గా రావట్లేదు. అదేనంటావా? ఆ వయసొచ్చిందంటావా నాకు?"

ఇంట్లోకెళ్తే మొదలు, బయటికొస్తే తగ్గుద్ది. సుభాషిణి తెలియకుండానే అంతా చెప్పేసింది. ఆమె మొహం కందిపోయి ఉంది. మెడ కింద చెమటకాయలు పేలాయి. ప్రయోగశాల గోడలకు కూడా చలువపూత పూసి ఉండటంతో మాట్లాడుతున్నకొద్దీ ఆమె ఊపిరి కుదుటపడుతోంది. ఆ తేడా కుముదినికి కనపడుతూనే ఉంది.

"అదే అయ్యుంటుంది" అంది కుముదిని. "ఈ వయసులో అందరికీ మామూలే సుభా. దిగులు పడకు."

అక్కడితో ఆగినా కొంత బాగుండేది. ఆమె బల్ల సొరుగు తీసి, డాక్టర్ తనకు రాసిచ్చిన మాత్రల్లోంచి ఒక అట్ట తీసి సుభాషిణి చేతిలో పెట్టింది. "ఇవి వేసుకో. నిద్ర పడుతుంది."

"నీకు రుణపడి ఉంటా వదినా. ఎవర్ని అడగాలో తెలీక చచ్చిపోయాను" అంటూ సుభాషిణి ఆమె చెయ్యి పట్టుకుని, కళ్ళకు అద్దుకుంది.

ఆడపడుచు గేటు దాటి వెళ్ళేదాకా కుముదిని కిటికీలోంచి చూసింది. వెనక్కి పిలవాలనుకుంది. అప్పటికి ఆమెకు తెలిసిన విషయం ఒక్కటే: తను చేసిన పనికి ఇంకో ఆడమనిషి తన ఒంటిని చూసి తనే సిగ్గుపడుతోంది. ఆ సిగ్గు నిజానికి ఎవరిదో కుముదినికి తెలుసు. తెలిసీ ఆమె కిటికీ మూసేసింది.

*

కోటేశ్వరరావు రాత్రంతా ఆసుపత్రి గేటు దగ్గర మేలుకుని, పగలు ఇంట్లో పడుకునేవాడు. మంచం మీద పరుపు వేడి కక్కుతోందని, రాత్రికి చల్లబడి పొద్దున ఇంకా వేడెక్కని గచ్చు మీద చాప వేసుకునేవాడు. బ్లాకులో మిగతా మగవాళ్ళంతా పగలు పనుల్లో ఉండేవారు. ఆ నేల మీద ఎండ వేళంతా వెన్ను ఆనించి పడుకున్నది ఆయన ఒక్కడే.

ఆ రోజు సుభాషిణి రేషన్ తెచ్చుకుని వచ్చేసరికి ఆయన ఒళ్ళు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచి ఉన్నాయి గానీ ఆమెను గుర్తుపట్టలేదు. పక్కింటివాళ్ళు ఆటోలో వేసుకుని, ఆయన పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. ఐసు గడ్డలతో కప్పారు. ఆయన బతికాడు. మూడు వారాలకు ఇంటికి పంపుతూ డాక్టర్ ఉమాపతిని పక్కకు పిలిచి చెప్పాడు: వేడికి మెదడులో కొంత భాగం దెబ్బతిన్నది, నడక నిలకడగా ఉండదు, మాట ముద్దగా వస్తుంది, ఇంతకన్నా పెద్దగా మెరుగవుతుందని చెప్పలేను.

వడదెబ్బ అన్నారు అందరూ. ఇంట్లో పడుకున్నవాడికి వడదెబ్బ ఏమిటని ఎవరూ అడగలేదు.

ఆయన ఇంకా ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో, బట్టలు తెచ్చే వంకతో కుముదిని తాళం తీసుకుని ఆ ఇంటికి వెళ్ళింది. మధ్యాహ్నం. చాప అలాగే పరిచి ఉంది. ఆమె దాని మీద వెల్లకిలా పడుకుంది. సంచిలో తెచ్చిన థర్మామీటరును బయటికి తీయలేదు. మొదట వీపు, తర్వాత తల వెనక భాగం, తర్వాత ఊపిరి వేడెక్కాయి. ఎదురుగా కిటికీలోంచి తుషార కనపడుతోంది. అన్ని అంతస్తుల్లోనూ కిటికీలు మూసి ఉన్నాయి. లోపల ఎవరో దుప్పటి కప్పుకుని నిద్రపోతూ ఉంటారు. పావుగంట కూడా కాకముందే ఆమె లేచి, గోడ పట్టుకుని బయటికి వచ్చి, మెట్ల మీద వాంతి చేసుకుంది.

అక్కడి నుంచి తిన్నగా మేరీ కరుణ ఆఫీసుకు వెళ్ళింది. సగటు అంకె సంగతీ, దాచిన అంకె సంగతీ చెప్పింది.

"ఇది బయటికొస్తే ఏమవుతుందో తెలుసా మీకు?" అంది మేరీ కరుణ. "రుసుము మీద బిల్డర్లు కోర్టుకెళ్ళారు. చూశారా, పేదలకు ఇళ్ళు అని ఇలాంటివి కట్టిస్తున్నారు, ఎత్తేయండి అంటారు. ఇంకా ఇళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరి నోటి దగ్గర కూడు మీరు తీసేసినట్టు."

"చెప్పకుండా ఉండమంటారా?"

"లేదు. కౌన్సిల్లోనే చెప్పాలి. మీ నోటితోనే." మేరీ కరుణ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను అడిగాను మిమ్మల్ని. మంచిదేనా అని నోరు తెరిచి అడిగాను."

ఆ సాయంత్రం కుముదిని ఉమాపతికి చెప్పింది. అతను ప్లేటు ముందు నుంచి లేవలేదు, తినలేదు.

"ముందు ఎవరికి చెప్పావు?"

"మేరీ కరుణకి."

"సుభకి?"

ఆమె అతని గ్లాసులో నీళ్ళు పోసింది.

"కౌన్సిల్ కన్నా ముందు దానికి చెప్పు కుముదా. ఆసుపత్రికెళ్ళి, కూర్చుని చెప్పు. నేనూ వస్తాను."

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళారు. సుభాషిణి భర్తకు స్పూనుతో గంజి పట్టిస్తోంది. ఆయన పెదవి పక్క నుంచి కారుతుంటే చీర కొంగుతో తుడుస్తోంది. "చూడు వదినా, ఇవాళ నాలుగు గుక్కలు ఎక్కువ తాగారు" అంది. కుముదిని అరగంట కూర్చుని, చెప్పాల్సింది చెప్పకుండానే లేచి వచ్చేసింది. దారిలో ఉమాపతి ఆమెకు నాలుగడుగులు ముందే నడిచాడు.

*

కౌన్సిల్ హాలు నిండిపోయింది. ముందు వరసల్లో తుషార యజమానులు, వెనక వరసల్లో వెనక బ్లాకువాళ్ళు. చివర తలుపు పక్కన సుభాషిణి కూర్చుంది. కుముదిని పేరు పిలిచినప్పుడు ఆమె పక్కవాళ్ళతో, "మా వదిన" అని చెప్పుకుంది.

కుముదిని మైకు ముందు నిలబడి చెప్పింది. బావులు కుదరకపోవడం, వేర్లను వెనక బ్లాకు కింద పరచడం, సగటు చాటున దాచిన అంకె. ఆపడానికి స్విచ్చి లేదనీ, టవర్ అడుగున వేర్లను కోసేయడం ఒక్కటే దారి అనీ చెప్పింది. కోస్తే పూత లాగిన వేడి టవర్ గోడల్లోనే నిలిచిపోతుంది.

ముందు వరసల్లో గోల లేచింది. చల్లదనానికే కదా అంత పోసి కొన్నాం అన్నాడొకాయన. బిల్డర్ల సంఘం నాయకుడు లేచి, "అధ్యక్షా, ఇదంతా ఆ రుసుము తెచ్చిన చేటు. బలవంతాన ఒకే స్థలంలో కట్టమంటే ఇలాగే ఏడుస్తుంది" అన్నాడు.

"రుసుము వల్ల కాదు" అంది కుముదిని. "సొమ్ము కట్టి ఉంటే ఈ ఇళ్ళు ఇంకోచోట చల్లగా ఉండేవి. ఇళ్ళు ఇక్కడే కట్టినా, బావులు తవ్వి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఇది నా వల్ల జరిగింది, ప్రభాకర్ గారి వల్ల జరిగింది."

ప్రభాకర్ తన ఫోను చూసుకుంటున్నాడు.

"తెలిసీ ఎందుకు సంతకం పెట్టారు?" అని అడిగాడు మేయరు.

ఆమె చెప్పకుండా దాటేయవచ్చు. పొరపాటు అంచనా అంటే అందరూ నమ్మేవారే.

"వాళ్ళు ఇంతవరకూ రేకుల కింద ఉన్నవాళ్ళేగా, అనుకున్నాను."

వెనక వరసల్లో ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమంది?" అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు ఆ మాటను మళ్ళీ పైకి చెప్పాడు. తన మాట ఇంకొకరి గొంతులో వినపడేసరికి కుముదిని తల దించుకుంది.

సుభాషిణి లేచి నిలబడింది. ఆమె కోపంగా లేదు. ఏదో అర్థం కానిదాన్ని తేల్చుకోవాలన్నట్టుంది.

"అయితే నాకొచ్చింది ఆ వయసు ఆవిర్లు కాదా వదినా?"

కుముదిని తల అడ్డంగా ఊపింది.

"మరి ఆ మాత్రలెందుకిచ్చావు?"

అంతమంది ముందు ఆమె ఒంటి సంగతి బయటపడింది. ఎవరితోనూ అనవద్దని బతిమాలిన సంగతి. కుముదిని మైకు ముందు నుంచి పక్కకు జరిగింది. సుభాషిణి కొంగు భుజం నిండా కప్పుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఉమాపతి చెల్లెలి వెనకే వెళ్ళాడు.

*

వేర్లు కోసేశారు. తుషార గోడలు వారంలో వేడెక్కాయి. కిటికీల పక్కన ఏసీ పెట్టెలు ఒక్కొక్కటే వేలాడాయి. ప్రభాకర్ మీద కేసు నడుస్తోంది. రుసుము నిలిచింది. సొంత స్థలంలో ఇళ్ళు కట్టేవాళ్ళు రెండు భవనాలకూ ఒకే రకమైన గోడ, ఒకే రకమైన నేల ఇవ్వాలని మేరీ కరుణ ఒక వాక్యం చేర్పించింది. ఆ తర్వాత కుముదిని ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. విశ్వవిద్యాలయం కుముదినిని పక్కన పెట్టింది. చలువపూత కావాలని వేరే ఊళ్ళ నుంచి మనుషులు ఇప్పటికీ వస్తారు. వేడి ఎక్కడికి పోతుందో ముందు చూపించమని ఆమె అడుగుతుంది. చాలామంది మళ్ళీ రారు.

ఉమాపతి ఇంట్లోనే ఉన్నాడు. కూరలు తెస్తాడు, కరెంటు బిల్లు కడతాడు. ఆదివారాలు చెల్లెలి ఇంటికి ఒక్కడే వెళ్తాడు.

వెనక బ్లాకు కింద నేల చల్లబడటానికి వానాకాలం మొత్తం పట్టింది. కార్తీకంలో ఒకరోజు కుముదిని ఎవరికీ చెప్పకుండా అక్కడికి వెళ్ళింది. తలుపు తీసి ఉంది. కోటేశ్వరరావు గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వంటింటి వైపు నడుస్తున్నాడు. ఆమెను చూసి ఏదో అన్నాడు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ అడగడానికి ధైర్యం చాలలేదు.

సుభాషిణి లోపలి నుంచి వచ్చింది. చేతులు తుడుచుకుంది. మొహం తేటగా ఉంది. మెడ మీద చెమటకాయలు మానిపోయాయి. ఆమె తిట్టలేదు. వెళ్ళిపొమ్మనలేదు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీని కొంగుతో దులిపి ముందుకు జరిపింది.

"కూర్చోండి" అంది. "మంచినీళ్ళు తాగుతారా మీరు?"

పెళ్ళయి ఉమాపతి ఇంటి కోడలైన నాటి నుంచి, కుముదినిని ఆడపడుచు మీరు అనడం అదే మొదలు. వదినా అని పిలవనూ లేదు. కుముదిని తల ఊపి, ఆ కుర్చీ అంచున కూర్చుంది.